నలభై యేళ్ళ అనుభవం

తిరుమలగిరిలో ఉండే మా బావగారు డెబ్బై దాటాక కొత్త కారు కొన్నారు. వారం తిరక్కుండానే బెల్టు బకిల్‌లో ఒక ఉత్తుత్తి లోహపు నాలుక గుచ్చి, దాని కూత కట్టించారు. "నలభై యేళ్ళు నడిపినవాణ్ణి, ఇది నాకు నేర్పుతుందా?" అని వారి ధీమా.

లాల్‌బజారు వైపు ఉదయపు నడకలో ఈ మాట ఎందరి నోటనో విన్నాను. అందరూ నా యీడువారే, చదువుకున్నవారే. కనుక దీన్ని అజ్ఞానమని సరిపెట్టుకోలేను. అహంకారమనే అంటాను. (కోపం వస్తే రానివ్వండి.)

ఆ అనుభవం ఏ కారుది? జారే రోడ్డు మీద బ్రేకు విడిచి విడిచి తొక్కమని అంబాసిడర్ నాడు మనకు నేర్పారు. అప్పటికది ప్రాణం కాపాడే విద్యే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఆ విడిచి తొక్కే పని క్షణంలో పలుమార్లు అదే చేస్తుంది. మనం గట్టిగా తొక్కి పట్టి ఉంచాలి, అంతే. అప్పుడు కాలి కింద పెడలు గజగజలాడుతుంది. ఆ సంగతి తెలియని అనుభవజ్ఞుడు బ్రేకు చెడిందనుకొని కాలు తీసేస్తాడు!

ఇక "ఎయిర్‌బ్యాగులున్నాయి కదా" అనే వాదం. స్టీరింగు మీది ఎస్.ఆర్.ఎస్. అన్న అక్షరాల్లో మొదటిదానికి అర్థం 'అనుబంధ' అని. బెల్టుకు అనుబంధమన్నమాట. బెల్టు లేక ముందుకు తూలిన దేహానికి విచ్చుకుంటున్న ఆ సంచి పరుపు కాదు, పిడిగుద్దు. ఎముకలు గుల్లబారిన వయసులో మరీను.

తండ్రిగారి చైతన్యరథాన్ని ఊరూరా నడిపిన నందమూరి హరికృష్ణ కన్నా చేయి తిరిగిన డ్రైవరు మనలో ఎవరు? 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి వద్ద స్వయంగా కారు నడుపుతూ ఆయన మరణించారు. బెల్టు పెట్టుకోలేదని పత్రికలు రాశాయి.

ఆ దొంగ నాలుకలు అమ్మవద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశించింది. 13,118 ప్రకటనలు తొలగించారు. కొనేవారు లేకుండానే అన్ని వెలిశాయా?

గీతలు చెరిగిన రోడ్డు మీద లేను తప్పావంటూ స్టీరింగు లాగే హంగుల మీద బావగారు విసుక్కుంటే నేనూ వంత పాడతాను. అవి ఆపుకోండి. బెల్టు కూత అటువంటిది కాదు.

మొన్న ఆదివారం వారి మనవరాలు ముందుకు వంగి, "తాతా, అదేంటి?" అంది. బావగారు బదులివ్వలేదు. నేను దాన్ని పీకి జేబులో వేసుకున్నాను. రెండుసార్లు అడిగారు. ఇంకా ఇవ్వలేదు.