సముద్రంలో డబ్బా వేసి జీతం తీసుకొనేవాళ్ళట!



ఉగాది సన్మానాలకు పేర్లు అడిగితే మన గ్రూపులో చాలా పేర్లు వచ్చాయి. డాక్టర్లు, ఆడిటర్లు, అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళు. సంతోషమే. వాటి మధ్యలో ఒకరు పళ్ళికరణై సముద్ర సంస్థలో పనిచేసే మనవాళ్ళ అబ్బాయి పేరు కూడా పెట్టారు. వెంటనే జవాబు వచ్చింది: "సముద్రంలో డబ్బా వేసి జీతం తీసుకొనేవాళ్ళకు శాలువా ఎందుకండీ?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

నవ్వినవాళ్ళ పేర్లు ఇక్కడ వద్దు. కానీ మన సంఘంలో సగం మంది రైల్వేవాళ్ళం, పోర్టువాళ్ళం, తపాలావాళ్ళం. ప్రభుత్వ జీతంతో పిల్లల్ని చదివించినవాళ్ళం. మనమే నవ్వితే ఎట్లా?

ముందు ఆ డబ్బా ఏమిటో చూద్దాం. దాన్ని బోయా అంటారు. పసుపు రంగులో తేలుతూ ఉంటుంది. తీరం నుంచి వందల కిలోమీటర్ల దూరంలో, రెండు మూడు కిలోమీటర్ల లోతు నీళ్ళలో, అడుగున బరువు దించి, తాడు కట్టి నిలబెడతారు. పైన గాలి వేగం, గాలి ఒత్తిడి, ఎండ, వాన కొలిచే సాధనాలు ఉంటాయి. కింద తాడు వెంబడి 500 మీటర్ల లోతు వరకు నీళ్ళ వేడి, ఉప్పదనం కొలిచేవి ఉంటాయి. కొలిచిన లెక్క ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరుతుంది. ఈ పని 1996లో మొదలైంది. నడిపేది పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. వేళచ్చేరి నుంచి తాంబరం బస్సులో పోయేవాళ్ళు రోజూ దాని గేటు దాటుకొనే పోతారు.

సునామీకి ఇంకో రకం ఉంది. సముద్రం అడుగున ఒక పెట్టె కూర్చొని తన మీద ఉన్న నీళ్ళ బరువును కొలుస్తూ ఉంటుంది. కిలోమీటర్ల లోతున ఉండి కూడా, పైన నీళ్ళు కొద్ది సెంటీమీటర్లు లేచినా పట్టుకొంటుంది. ఆ కబురు శబ్దం రూపంలో పైన తేలే బోయాకు, బోయా నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌కు పోతుంది. అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుంచి పని చేస్తోంది.

"ఉపగ్రహాలు ఉన్నాయి కదా, ఇంక డబ్బా ఎందుకు?" అని కూడా ఒకరు రాశారు. ఉపగ్రహం సముద్రం చర్మాన్ని చూస్తుంది, కడుపులో ఏముందో చూడలేదు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. తేలికైన ఆ నీళ్ళు పైన పొరలాగా నిలుస్తాయి. తుఫాను పైన తిరిగినప్పుడు కింది చల్లటి నీళ్ళు పైకి రాకుండా ఆ పొర అడ్డుపడుతుంది. పైన వేడి తగ్గకపోతే తుఫానుకు మేత తగ్గదు. ఆ పొర ఎంత మందం ఉంది, కింద ఎంత వేడి ఉంది అన్నది నీళ్ళలో దిగిన సాధనమే చెప్పాలి.

సరే, ఒకసారి వేశారు, ఇంక జీతం తీసుకొంటూ కూర్చోవడమే కదా అంటారా? ఉప్పునీళ్ళలో ఇనుము ఏమవుతుందో పాంబన్ వంతెన మీద పనిచేసిన మనవాళ్ళను అడగండి. ఆ పాత వంతెనకు ఏడాది పొడుగునా రంగు పూసేవాళ్ళు ఉండాల్సి వచ్చేది. బోయాకు అదే గతి. అడుగున నాచు, చిప్పలు పట్టి సాధనాలను మూసేస్తాయి. బ్యాటరీ తగ్గుతుంది. తాడు అరుగుతుంది. కొన్ని నెలలకొకసారి ఓడ వేసుకొని పోయి, ఊగే డెక్కు మీద నిలబడి, టన్నుల బరువున్న దాన్ని క్రేనుతో పైకి లేపి, గోకి, మార్చి, సరిచూసి మళ్ళీ దించాలి. తాడు తెగి కొట్టుకుపోతే వెతుక్కొంటూ పోవాలి. రోజుల తరబడి వాంతులు చేసుకొంటూ చేసే పని ఇది. ఆఫీసులో ఫ్యాను కింద బిల్లులు చూసిన మాలాంటివాళ్ళకు ఆ డెక్కు మీద ఒక్క పూట గడవదు.

రైల్వేలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కొత్త రైలుకు జెండా ఊపడానికి మంత్రి వస్తారు, దండలు వస్తాయి, టీవీ వస్తుంది. సుత్తి పట్టుకొని రోజూ పట్టాల వెంబడి నడిచే కీమ్యాన్‌కు ఎవరు దండ వేశారు? కొత్తది కొనే ఫైలు పరుగెత్తుతుంది, ఉన్నదాన్ని కాపాడే ఫైలు ఆక్షేపణ మీద ఆక్షేపణతో తిరిగి వస్తుంది. ముప్పై ఏళ్ళు అలాంటి ఫైళ్ళు మోసినవాళ్ళం మనం. అక్కడా అంతే. ఆ సంస్థ ఉద్యోగ ప్రకటనలు చూడండి. ప్రాజెక్టు సైంటిస్టు, ప్రాజెక్టు టెక్నీషియన్ అని కొంతకాలపు ఒప్పందం మీద తీసుకొనే ఉద్యోగాలు ఎన్ని ఉంటాయో. పని నేర్చుకొని చేయి కుదిరేసరికి గడువు దగ్గర పడుతుంది. నవ్వేవాళ్ళు దాని మీద నవ్వాలి. వీలైతే కోప్పడాలి.

1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోడి పోయిన పాసింజరు మన డిపార్టుమెంటు బండి. తుఫాను అల దాన్ని మనుషులతో సహా లాక్కుపోయింది. వంద మందికి పైగా. ముందు ఏముందో ఆ డ్రైవరుకు చెప్పేవాళ్ళు లేరు. 2004 డిసెంబరు 26న భూమి కంపించింది మన టైము ప్రకారం ఉదయం ఆరున్నరకు. నాగపట్టినానికి అల వచ్చింది తొమ్మిది ప్రాంతంలో. రెండు గంటలకు పైగా వ్యవధి! లేచి మేడ ఎక్కడానికి చాలు, వేళాంగణ్ణి గుడి దగ్గర నుంచి నడుచుకొంటూ లోపలికి పోవడానికి చాలు. ఒక్క కబురు రాలేదు. ఆ ఒక్క జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా పోయారు. అప్పుడు హిందూ మహాసముద్రంలో సునామీని చూసి చెప్పే ఏర్పాటే లేదు.

ఇంకో పక్క చూడండి. 1999లో ఒడిశాలో వచ్చిన మహా తుఫానులో దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురం సభ్యులు కళ్ళారా చూసినదే. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు, చావులు పదుల్లో ఆగాయి. ఆ పుణ్యం అంతా బోయాదే అనడం లేదు. వాతావరణ శాఖ, కలెక్టర్లు, ఊళ్ళో తిరిగిన కానిస్టేబుళ్ళు అందరిదీ. కానీ నడి సముద్రంలో ఆ తుఫాను గాలిని, ఒత్తిడిని, అలను అక్కడే నిలబడి కొలిచినవి ఈ డబ్బాలే.

ఇప్పుడు చేదు మాట. ఈ బోయాలను పాడుచేసేది ఉప్పు మాత్రమే కాదు, మనుషులు కూడా. తేలే వస్తువు కింద నాచు చేరుతుంది, నాచుకు చిన్న చేప, చిన్న చేపకు పెద్ద చేప. అందుకని పడవలు దానికి కట్టేసుకొని వల వేస్తాయి. తాడు తెగుతుంది, సాధనాలు విరుగుతాయి. సౌర పలకలు విప్పుకొని పోయినవాళ్ళూ ఉన్నారు. "దొంగలు, జైల్లో వేయాలి" అని అపార్టుమెంటులో కూర్చొని రాయడం సులభం. పలక విప్పడం తప్పే, దానికి సాకు లేదు. కానీ రెండు వారాలు డీజిలు కాల్చి ఖాళీ ఐసుపెట్టెతో తిరగాల్సిన మనిషికి చేప కనిపిస్తే ఆగుతాడు. ఆ డబ్బా తన ఇంటికే కాపలా అని అతని భాషలో అతనికి చెప్పింది ఎంతమంది?

అతని భాష ఏమిటి? "మనది భాషా సంఘం, సముద్రంతో ఏం పని" అన్నవారికి ఇదే జవాబు. పూరీ పెంఠకటలో, గోపాల్‌పూర్ తీరంలో పడవ నడిపేవాళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. కాశిమేడు బోట్లలో శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చిన కుర్రాళ్ళు ఉన్నారు. యానాం అంటే గోదావరి నోరే. బోయా చెన్నై నుంచి పోతుంది, దాని లెక్క హైదరాబాదులో చూస్తారు, పడవ పూరీలో ఉంటుంది. ఇంతకంటే జాస్తి తెలుగు సంగతి మన ఎజెండాలో ఇంకేముంది?

కరపత్రం వేద్దాం అనకండి. మనం తమిళ బడిలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొన్నవాళ్ళం. పూరీ పిల్లలు ఒడియా బడిలో చదువుతారు. తెలుగు కాగితం వాళ్ళ చేతిలో పెడితే పకోడీ కట్టుకొంటారు. ఎదురుగా కూర్చొని నోటితో చెప్పాలి. ఆ అబ్బాయికి శాలువా కప్పండి, మైకు కూడా ఇవ్వండి, పది నిమిషాలు మాట్లాడనివ్వండి. తరువాత అతన్ని వెంటబెట్టుకొని కాశిమేడు పోదాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు కుట్టుకొంటూ దొరుకుతారు. బరంపురం, యానాం సభ్యులు కూడా ఆ రెండు నెలల్లోనే పెట్టుకోవచ్చు. కాశిమేడుకు వచ్చేవాళ్ళు కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి. ఆదివారం పొద్దున్నే పోతే ఎండకు ముందే తిరిగి రావచ్చు.