జీతంలోంచే రావాలి

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం అనగానే అందరికీ పోలీసు స్టేషనే గుర్తొస్తుంది. జంషెడ్‌పూర్ లాంటి ఊరికి అంతకంటే పనికొచ్చే మాట ఆ చట్టం 20వ సెక్షన్‌లో ఓ మూల ఉంది. మేజిస్ట్రేటు చెల్లించమన్న డబ్బు భర్త ఇవ్వకపోతే, అతని జీతంలో కొంత నేరుగా భార్యకే ఇవ్వమని యజమానిని ఆదేశించవచ్చు. కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, నెల తిరిగేసరికి జీతం ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ అలాంటివి ఉన్నాయి. దెబ్బలు తిన్నా అలాంటి ఇంట్లో భార్య గడప దాటకపోవడానికి భయమొక్కటే కారణం కాదు. ఇల్లు అతని ఉద్యోగం మీద వచ్చింది, పుట్టిల్లేమో రైలెక్కితే గాని అందదు.

ఇంటి సంగతి చట్టం తేల్చే చెప్పింది. పేరు ఎవరిదైనా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అత్తమామల పేరిట ఉన్న ఇంటికి ఆ హక్కు వర్తించదన్న పాత తీర్పును సుప్రీంకోర్టే 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో పక్కన పెట్టింది. క్వార్టరుతో చిక్కు వేరు: భర్త కోపంకొద్దీ దాన్ని కంపెనీకి అప్పగించేస్తే ఆమె వీధిన పడుతుంది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా అలా వదులుకోకూడదని ఆదేశించే వీలు 19వ సెక్షన్‌లో ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

ఇలాంటి చట్టాలు దుర్వినియోగమవుతాయన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. బీహార్ నుంచి వెళ్లిన అర్ణేశ్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు హెచ్చరించింది కూడా. అయితే ఆ హెచ్చరిక, భార్యను హింసించడాన్ని నేరంగా చూసిన అప్పటి శిక్షాస్మృతి 498ఏ సెక్షన్ కింద యాంత్రికంగా చేసే అరెస్టుల గురించి. ఈ చట్టంలో అర్జీ పెట్టగానే అరెస్టు ఉండదు. రక్షణ ఉత్తర్వును మీరితేనే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. పైగా భర్త జైలుకెళ్తే జీతం ఆగుతుంది, పిల్లలు పస్తులుంటారు. జీతంలో కోత పడితే ఉద్యోగం నిలుస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

‘మొగుడూ పెళ్లాల తగువు మాకెందుకు’ అని యాజమాన్యాలు అనవచ్చు. సహకార సంఘం అప్పుకు నెలనెలా కోత కోసే చేతికి ఇది కొత్త పనేం కాదు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం తెచ్చి, 1920లో భవిష్యనిధి పెట్టి, చట్టం కంటే ముందే కదిలిన చరిత్ర టాటా స్టీలుది. ప్రభుత్వం భవిష్యనిధి చట్టం చేసింది 1952లో! కోర్టు ఉత్తర్వు అందిన మరుసటి నెల నుంచే కోత మొదలవ్వాలి, భార్యకు తెలియకుండా క్వార్టరు అప్పగింత చెల్లకూడదు: ఈ రెండు నియమాలు రాసుకోవడానికి ఏ కంపెనీ అయినా కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు.

ఊరి పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ షెడ్లలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడి భార్యకు మాత్రం ఈ దారి ఇంత సులువు కాదు. కాంట్రాక్టరూ యజమానే, కానీ కాంట్రాక్టు మారితే అతనూ మారిపోతాడు. ఉత్తర్వు ఎవరికి పంపాలన్నదే తేలదు. అందుకని, ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే రక్షణాధికారి అర్జీ రాసిన రోజే కాంట్రాక్టరు పేరు, గేటు పాసు వివరాలు, జీతం పడే బ్యాంకు ఖాతా కూడా రాసుకోవాలి.