బండిలోని భేరికి ఒక మీట



ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. ఈ కాలమున కుటుంబమంతయు గంటలతరబడి కూర్చుండు మోటారుకారు కూడ ఇంటిలోని యొక గదివంటిదే. వంటింటి పొగ పోవుటకు గవాక్షము పెట్టించుకొనుచున్నాము గదా! కారులోని చప్పుడునకు మాత్రము ఉపాయమేల చూచుకొనరాదు? ఈ మాసము ఆ సంగతినే ముచ్చటింపదలచితిమి. మా యింట జరిగిన యొక చిన్న వృత్తాంతమే దీనికి కారణము.

మా మరిది జహీరాబాదులోనే ఉద్యోగము చేయుచున్నాడు. ఏడాదిపాటు జీతములో మిగిల్చి, తన కారు వెనుక సామానులుంచు తావున సబ్‌వూఫరు అను పెట్టె నొకదానిని బిగించుకొనెను. చూచుటకది బియ్యపు డబ్బావలె నుండును గాని దాని నోట వెడలునది మేఘగర్జనము. పాటలోని డోలు, మృదంగము మొదలగు మంద్రధ్వనులను మాత్రమే అది పలుకును. గాత్రమును తక్కిన వాద్యములును తలుపులలోని చిన్న స్పీకర్లలో వినవచ్చును.

శివరాత్రికి ఝరాసంగము కేతకీసంగమేశ్వరస్వామి దర్శనమునకు ఆ కారులోనే పోయితిమి. అత్తగారును, ఏడవనెల గర్భిణియైన ఆడపడుచును, మేమును వెనుక కూర్చుంటిమి. వీపున కానిన దిండు దారిపొడవునను అదరుచునే యుండెను. అత్తగారు జపమాల పట్టుకొనియు లెక్క తప్పుచుండిరి. రామాయణమున కుంభకర్ణుని మేలుకొలుపుటకు భేరీశంఖములు మ్రోగించిరని చదివితిమి. మా అత్తగారికి అంత నిద్ర యెన్నడును లేదు! ఆడపడుచు మాత్రము కడుపుపై చేయి వేసికొని కిటికీవంక చూచుచుండెను. మేము మెల్లగా నడుగగా, “చిన్నన్నయ్య ముచ్చటపడి కొనుక్కొన్నాడు. ఏమని చెప్పుదును, వదినా?” అనెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. కాని పుట్టింటికి పురుటికి వచ్చిన పిల్లకు అడుగుటయే కష్టము.

తిరుగుదారిలో చీకటిపడెను. చెఱకు నింపుకొనిన ట్రాక్టర్లు దారిపొడవునను మెల్లగా సాగుచుండెను. ఇంతలో ముందు కూర్చున్న మా వారు అద్దములో ఎఱ్ఱనికాంతి చూచి ఉలికిపడిరి. మా వెనుకనే 108 బండి! అది ఎంతసేపటినుండి కూయుచున్నదో మాలో నొక్కరికిని వినబడలేదు. మరిది వెంటనే ప్రక్కకు తప్పించి దారి యిచ్చెను. ఆ బండి వెళ్ళిపోయిన పిమ్మట పాట ఆపివేసెను. ఇల్లు చేరువరకు ఎవరును మాటలాడలేదు. అందులో నున్నది ఎవరి బిడ్డయో, ఎవరి తల్లియో! ఆ కొన్ని క్షణములు వారికెట్లు గడచెనో మేమెన్నటికిని ఎఱుగజాలము.

ఇంటికి రాగానే మా వారు, “రేపే ఆ పెట్టె విప్పించివేయుము” అనిరి. మరిది తల వంచుకొని విస్తరిముందు కూర్చుండెనే గాని అన్నము ముట్టలేదు. అతడు చేసినది పొరపాటే, కాని అతని ముచ్చట నేరము కాదు. పెట్టెను పాఱవేసినచో అన్నదమ్ముల నడుమ ఒక ముల్లు మిగులును. ఉంచినచో ఆడవారికి నిత్యము బాధ. డోలును పగులగొట్టనక్కఱలేదు, వాయించు చేతికి విరామము నేర్పిన చాలునని మాకు తోచెను. “పాట యుండగనే ఆ పెట్టె నొక్కదానినే ఆపుటకు మీట పెట్టరాదా?” అని అడిగితిమి. మరిది తలయెత్తి, “పెట్టవచ్చును, వదినా!” అనెను.

మంద్రధ్వని మాత్రమే ఇంతగా బాధించుటకు కారణము కలదు. మనుష్యుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకు గల ధ్వనులను వినును. ఈ పెట్టె పలుకునవి అందులో అడుగుభాగపు ధ్వనులు. సెకనుకు 50 కంపనములు గల ధ్వనితరంగము గాలిలో సుమారు ఏడు మీటర్ల పొడవుండును. 5,000 కంపనములు గలది ఏడు సెంటీమీటర్లే. పొట్టితరంగమును తలుపో తెరయో చాలవఱకు అడ్డును. పొడుగుతరంగము గోడలను కూడ లెక్కసేయదు. వీధిలో కారు పోవుచుండగా పాట వినబడక ధుంధుమ్మను మ్రోత మాత్రము మన పడకగదికి వచ్చుట ఇందువలననే. తల్లి గర్భములోనికి ఎక్కువగా చొచ్చునవియు ఈ ధ్వనులే. ఏడవనెలకు శిశువు చప్పుడునకు ఉలికిపడును. ఒక్కనాటి ప్రయాణముతో కీడు మూడునని ఎవరిని భయపెట్టుట మా ఉద్దేశము కాదు. తల్లికి ఇబ్బందిగా నున్నప్పుడు ఆపుకొను వీలుండవలెననియే మా మాట. ఇంకొకటి: బలమైన మంద్రధ్వని తనకంటె హెచ్చుస్థాయి ధ్వనులను కప్పివేయును. నాడు 108 కూత మాకు వినబడకుండుటకు ఇదియు నొక కారణము.

మఱునాడు మరిదితోగూడ మేమును మరమ్మతు దుకాణమునకు పోయితిమి. అచ్చటి ఉస్తాదుగారు ఓపికతో అంతయు చూపిరి. పెట్టెకు బలమిచ్చు ఆంప్లిఫయరునకు, పాటను మోసికొనివచ్చు తీగలు గాక, ముఖ్యముగా మూడు తీగలుండును. బ్యాటరీనుండి విద్యుత్తు తెచ్చు లావుపాటి ఎఱ్ఱతీగ ఒకటి. కారు ఇనుపశరీరమునకు బిగించు నల్లతీగ రెండవది. మూడవది సన్ననిది. తరచుగా నీలిరంగున, లేదా నీలిపై తెల్లచారతో నుండును. దీనిని రిమోటు తీగ యందురు. ముందున్న స్టీరియో 12 వోల్టుల రూపమున “మేలుకొనుము” అని పంపు ఆజ్ఞ దీనిలోనే పోవును. ఆ ఆజ్ఞ నిలిచినచో ఆంప్లిఫయరు నిద్రించును. తలుపులలోని పాట మాత్రము సాగుచునే యుండును.

కాబట్టి మీట పెట్టవలసినది ఈ సన్ననితీగకే. అందు ప్రవహించు విద్యుత్తు ఒక ఆంపియరునకు ఎంతో తక్కువగా నుండును గనుక చిన్నమీట చాలును. ఎఱ్ఱతీగ సంగతి వేఱు. 500 వాట్ల శక్తి పుట్టించుటకు 12 వోల్టులవద్ద నలుబది ఆంపియర్లకు పైగా కావలెను. అందు చిన్నమీట పెట్టినచో వేడెక్కి కరగును, నిప్పు పుట్టినను పుట్టును.

మఱి మూడు జాగ్రత్తలు. పని మొదలిడుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పింపవలెను. మీటకు విద్యుత్తును నేరుగా బ్యాటరీనుండి తీసికొనరాదు. అట్లు చేసి రాత్రి మీట ఆపుట మఱచినచో తెల్లవాఱునప్పటికి బ్యాటరీ సత్తువ ఉడిగిపోవచ్చును. తలుపుల స్పీకర్లును అదే ఆంప్లిఫయరుతో పలుకుచున్నచో ఈ మీటతో పాటంతయు ఆగును గనుక, ఆ సంగతి ముందే విచారింపవలెను. కంపెనీవారే పెట్టె బిగించి యిచ్చిన కార్లలో తీగల అమరిక వేఱుగా నుండవచ్చును. వారంటీ గడువు తీరనిచో కంపెనీవారి నడిగియే తీగ కోయించుట మంచిది.

తీగల మాట మనకేలయని కొందఱనవచ్చును. మా జహీరాబాదు చెంతనున్న మాచునూరులో 2008వ సంవత్సరమున దక్కను అభివృద్ధి సంఘపు పల్లెస్త్రీలు సంఘం రేడియో స్థాపించిరి. పొలములలో కలుపుతీసిన చేతులే 90.4 మెగాహెర్ట్జుపై ధ్వనిని హెచ్చించి తగ్గించు మీటలను నడపినవి. వారు నేర్చినది మనము నేర్వలేమా?

మీట ఎచ్చట పెట్టవలెనని ఉస్తాదుగారు అడిగిరి. స్టీరియో ప్రక్కననెను మరిది. “అట్లయిన మరల నిన్నే అడుగవలెను గదా! బాధపడువారి చేతికందునట్లు పెట్టింపుము” అంటిమి. అతడు కొంచెము ఆలోచించి సరేయనెను. ముందుసీట్ల నడుమ, వెనుక కూర్చున్నవారి మోకాలిచెంత మీట అమరెను. తీగను చాపక్రిందుగా ఒరిపిడి తగులకుండ తెచ్చిరి. దాని ఖరీదు నాడు గుడికి కొనిన పూలుపండ్ల వెలకు మించలేదు.

మీట యున్నంతమాత్రమున వివేకము దానంతట రాదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు 45 డెసిబెల్లుల మేర విధించినవి. ఆసుపత్రులకు, పాఠశాలలకు, న్యాయస్థానములకు చుట్టును కనీసము నూఱుమీటర్ల మేర నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చునని చెప్పినవి. పిల్లల పరీక్షల దినములలో ఈ సంగతి మగవారికి జ్ఞాపకము చేయుట మన పని.

ఆడపడుచునకు సుఖప్రసవమై ఆడపిల్ల కలిగినది. ఆసుపత్రినుండి తల్లీబిడ్డలను తెచ్చునాడు, కారు కదలింపకమునుపే మరిది వెనుకకు తిరిగి, “వదినా, మీట ఆపితివా?” అని అడిగెను. దారిలో సన్నగా పాట సాగుచుండగా పాప కన్ను తెఱువలేదు. మమ్ము దింపి అతడు ఒంటరిగా వెళ్ళునప్పుడు వీధిమలుపునుండి ఆ భేరి మరల వినవచ్చెను. అత్తగారు పాపను ఒడిలోనికి తీసికొనుచు, “పోనిమ్ము, వాని ముచ్చట వానిది” అనిరి.