జనరేటర్ ఉందండీ, స్టార్టవదు

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడినప్పుడు నేను కాకినాడలో ఒక చిన్న ఆస్పత్రి వరండాలో ఉన్నాను. లోపల మా పెదనాన్నగారికి ఆపరేషనై మూడో రోజు. కరెంటు పోయింది. పోతుందని అందరికీ తెలుసు, అంచేత ఎవరూ కంగారు పడలేదు. వెనక షెడ్డులో జనరేటర్ ఉంది, డీజిలు పీపా నిండుగా ఉంది. పది నిమిషాలైనా దీపం వెలగలేదు. నేను షెడ్డు దగ్గరికి పరుగెత్తితే అక్కడి మనిషి తడిసి ముద్దై నిలబడి, "జనరేటర్ ఉందండీ, స్టార్టవదు" అన్నాడు. ఇంజను తిప్పే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆర్నెల్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు వెలగబెడుతున్న నేను కూడా ఆ యంత్రం ముందు గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆ రాత్రి లాంతర్లతో గడిచింది. పెదనాన్నగారు బతికారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మన కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లల్లో చాలామంది గేట్ మార్కులతో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో చేరాలని ఆశపడుతున్నారు. మంచి ఆశే. అయితే విమానాలను నడిపించే ఆ కంట్రోల్ గదుల్లో కరెంటు పోవటమనే సంగతి చూస్తే నాకు ఆ షెడ్డే గుర్తొస్తుంది.

అక్కడి ఏర్పాటు మూడంచెలది. బయటినుంచి వచ్చే కరెంటు, అది పోతే డీజిలు జనరేటర్, జనరేటర్ అందుకునేదాకా ఆ కొన్ని క్షణాలు మోయటానికి బ్యాటరీలతో యూపీఎస్. మంచులో దిగే విమానాలకు దారి చూపే దీపాల్లో కొన్ని ఒక్క సెకనులో తిరిగి వెలగాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. రాడార్ తెర ఆరిపోతే విమానాలు కింద పడిపోవు, ఆ భయం అక్కర్లేదు. కంట్రోలరు పాత పద్ధతికి వెళతాడు: పైలట్లు రేడియోలో చెప్పిన చోటును బట్టి, విమానానికీ విమానానికీ మధ్య ఎక్కువ ఎడం పెట్టి నడిపిస్తాడు. కాని ఆ రేడియోకి కూడా కరెంటు కావాలి కదా!

2023 జనవరి 1న మనీలాలో జరిగింది చూడండి. తుఫాను లేదు, గాలి లేదు. ఉదయం పది గంటలకు కాస్త ముందు ఫిలిప్పీన్స్ దేశపు విమాన నియంత్రణ కేంద్రంలో రాడారూ, రేడియో సంబంధాలూ ఆగిపోయాయి. చెడింది ఊరి కరెంటు కాదు, కరెంటు పోతే ఆదుకోవలసిన యూపీఎస్ వ్యవస్థే. మూలం ఒక సర్క్యూట్ బ్రేకరని తర్వాత తేలింది. రెండో యూపీఎస్ కూడా అందుకోలేదు. సరే, నేరుగా బయటి కరెంటుకే కలుపుదామని చూస్తే 220 వోల్టులు రావలసిన చోట 380 వచ్చి పరికరాలు దెబ్బతిన్నాయి. కొత్త సంవత్సరం రోజున సుమారు 300 విమానాలు, యాభై వేలకు పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు.

దీనికన్నా నన్ను ఎక్కువ నవ్వించి, ఎక్కువ భయపెట్టింది 1991 సెప్టెంబరు 17 నాటి న్యూయార్క్ సంగతి. ఎండ మండిపోతున్న రోజు. ఊళ్ళో విద్యుత్తు భారం తగ్గించటానికి, ముందే ఉన్న ఒప్పందం ప్రకారం, ఏటీ అండ్ టీ టెలిఫోను కేంద్రం తన సొంత జనరేటర్ల మీదికి మారింది. మారేటప్పుడు రెక్టిఫయర్లు పనిచేయలేదు. భారమంతా చడీచప్పుడూ లేకుండా బ్యాటరీల మీద పడింది. హెచ్చరిక దీపాలు వెలిగాయి. చూసేవాళ్ళు లేరు. ఆ సిబ్బంది హెచ్చరిక వ్యవస్థ గురించిన క్లాసుకే వెళ్ళారు! ఇలా సొంత కరెంటుకు మారినప్పుడు ఒకసారి తిరిగి చూడాలన్న నియమం కాగితం మీద ఉండిపోయింది. సుమారు ఆరు గంటలకు బ్యాటరీలు అయిపోయాయి. విమాన కంట్రోలర్లు మాట్లాడుకునే లైన్లు ఆ కేంద్రం గుండానే వెళతాయి గనుక న్యూయార్క్ ప్రాంతంలోని మూడు పెద్ద విమానాశ్రయాలూ స్తంభించాయి.

ఇవి పాతవనీ, పేదదేశపువనీ అనేవారికి 2025 మార్చి 21 ఉంది. లండన్‌లో నార్త్ హైడ్ సబ్‌స్టేషన్ తగలబడి హీత్రూ దాదాపు రోజంతా మూతపడింది. ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌లో తేమ చేరిందని 2018లోనే నూనె పరీక్షలో బయటపడిందనీ, ఆ మీదట చేయవలసింది చేయలేదనీ విచారణలో తేలింది. మన పక్కన విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విమానాశ్రయం పైకప్పునే చీల్చేసింది, 17వ తేదీకి గాని విమానాలు మళ్ళీ మొదలుకాలేదు. అది ప్రకృతి కొట్టిన దెబ్బ, దాన్ని అర్థం చేసుకోవచ్చు. మనీలాలో కొట్టిందెవరు?

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఈ చోట్లలో దేనిలోనూ డబ్బు లేక యంత్రం కొనకపోవటం కాదు. ఉన్నదాన్ని చూసుకునేవాడంటే మన చదువుల్లో చిన్నచూపు. డిజైను చేసేవాడు ఇంజనీరు, నూనె పరీక్షించేవాడు మెకానిక్కు! ల్యాబులో మనం ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని మూడు దశాంశ స్థానాల దాకా లెక్కగడతాం. భారం మీద ఉన్న మెయిన్ లాగేసి, ఇటునుంచి అటు మారుతుందో లేదో ఎన్నడైనా చూశామా? నా నాలుగేళ్ళలో నేను చూడలేదు.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కదపటం, పరీక్షతోనే పాడైతే?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. విమానాలు ఆకాశంలో ఉండగా స్విచ్చి లాగమని ఎవరూ అనరు. రాకపోకలు తక్కువున్న వేళ, మనుషుల్ని సిద్ధంగా నిలబెట్టి లాగాలి. తనంత తాను చెడిపోయే వేళను మాత్రం యంత్రం మనల్ని అడిగి పెట్టుకోదు.

అంచేత లెక్చరరుగారలకు, యూనియన్ మిత్రులకు ఒక మనవి. కాలేజీ జనరేటర్‌తోనే మొదలుపెట్టండి. సెమిస్టరుకొకసారి మెయిన్ లాగండి. ఎన్ని సెకన్లు పట్టిందో, ఏ దీపం రాలేదో ఫైనలియర్ పిల్లలచేత రాయించి మార్కులు వెయ్యండి. ఏ రోజు లాగుతారో ముందుగా ఎవరికీ చెప్పకండి. పరీక్షల రోజున మాత్రం వద్దు బాబూ, నన్ను తిడతారు.