మేస్త్రి చేతిలో కాగితం



ఈ నెల భవన నిర్మాణ పనితో బ్రతికే కుటుంబాల కొరకు వ్రాస్తున్నాను. తాపీపనివారు, సెంట్రింగువారు, రాడ్ బెండర్లు, పెయింటర్లు మన మధ్య ఎందరో ఉన్నారు. చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఇరవై ఏళ్లు తూకంగుండు పట్టి గోడ నిలబెట్టిన మనిషిని పెద్ద కంపెనీ సైటులోనో గల్ఫు ఇంటర్వ్యూలోనో "సర్టిఫికెట్ ఏదీ?" అని అడిగితే జవాబు ఉండదు. మేస్త్రిగా వెళ్లవలసినవాడు హెల్పర్ జీతానికి సంతకం పెట్టి వస్తున్నాడు.

"మాకు లేబర్ కార్డు ఉంది గదా అయ్యగారూ" అంటారు చాలామంది. అది సంక్షేమ బోర్డు కార్డు. 18 ఏళ్లు నిండి, 60 దాటకుండా, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు దానికి అర్హులు. 1996 నాటి చట్టంలోని ఈ షరతే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ప్రమాదానికి, ప్రసవానికి అది అక్కరకు వస్తుంది గనుక తప్పక తీసుకోండి, రెన్యువల్ మరువకండి. అయితే మీకు ప్లాస్టరింగ్ వచ్చునని ఆ కార్డు ఎవరికీ చెప్పదు.

ఆ మాట చెప్పేది నైపుణ్య సర్టిఫికెట్. పని ముందే నేర్చినవారి కొరకు ఆర్.పి.ఎల్. అనే పద్ధతి ఉంది. అంటే, మీరు సైటులో నేర్చిన విద్యను పరీక్షించి గుర్తించడం. ఏడాది తరగతులు కూర్చోనక్కరలేదు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చేత పని చేయించి చూస్తారు. బడి చదువు తక్కువని జంకవద్దు. కొలతలు చదవడం, రసమట్టం సరిచూడడం, జాగ్రత్తల గురించి చెప్పడం వస్తే చాలావరకు నెగ్గుకు వస్తారు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఈ పనులలో శిక్షణ ఇచ్చే సంస్థ. అక్కడ విచారించండి.

చదువుకుంటున్న పిల్లల సంగతి వేరు. ఐ.టి.ఐ.లో వైర్‌మన్, వెల్డర్, కార్పెంటర్ వంటి ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు. ఎలక్ట్రీషియన్‌కు, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌కు పది పాసవ్వాలి. ఈ చివరి రెండూ రెండేళ్ల కోర్సులు. పది తరువాత పాలిసెట్ వ్రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది. పిల్లవాడు ఎనిమిదితో మానేస్తానంటే పది వరకైనా లాగుకు రండి. ఆ రెండేళ్లు ఎన్ని తలుపులు తెరుస్తాయో పైన చూశారు గదా!

కరెంటు పనివారికి ఒక మాట. ఇళ్లలో వైరింగు చేయడానికి ఐ.టి.ఐ. కాగితం ఒక్కటే సరిపోదు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు క్రింద, అర్హత పత్రం గల సూపర్‌వైజరు ఎదుట ఆ పని జరగాలని నిబంధన. వీటిని రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖ పరిధిలో ఇస్తారు.

సౌదీ అరేబియా 2021లో నైపుణ్య పరీక్షా కార్యక్రమం మొదలుపెట్టింది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి పనులకు వెళ్లేవారు మన దేశంలోనే ఆ పరీక్ష నెగ్గాలి. "పరీక్ష సంగతి నేను చూసుకుంటాను, డబ్బివ్వు" అనే ఏజెంటుకు దూరంగా ఉండండి. కొన్న సర్టిఫికెట్ విమానం ఎక్కించవచ్చునేమో గాని, అక్కడ చేతికి తాపీ ఇచ్చిన రోజున బయటపడుతుంది. తిరిగి వచ్చేటప్పటికి ఇక్కడ వడ్డీ పెరిగి ఉంటుంది.

నా మనసులో ఎక్కువగా మెదిలేది మాత్రం మన అక్కచెల్లెళ్ల సంగతి. భర్త మేస్త్రి, భార్య ఇసుక తట్ట మోసే కూలి. పదిహేనేళ్లు ప్రక్కనే నిలబడి మాలు పాళ్లు, ఇటుక వరుస ఆమెకూ తెలిసిపోయాయి. అయినా కూలి మాత్రం తట్ట కూలే. ఆర్.పి.ఎల్. పరీక్షకు స్త్రీలు కూర్చోకూడదని ఎక్కడా లేదు. భర్తలారా, మీరు దరఖాస్తు చేసే రోజున ఆమె ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం కూడా జేబులో పెట్టుకుని వెళ్లండి.