గాయపడినవాని మాట, రక్తపు సాక్ష్యము

పోచారము కట్టదారిని మోటారుసైకిలు బోల్తాపడి తల పగిలినవానిని బంధువులు ఎల్లారెడ్డికో కామారెడ్డికో కొనిపోవుదురు. “త్రాగితివా?” యని వైద్యుడడుగును. “లేదు దొరా” యని జవాబు వచ్చును. ఆ యొక్క మాటపై చికిత్సయు, పోలీసు కేసును, బీమా సొమ్మును ఆధారపడియుండగా నిజము పల్కుటకు ఎంత ధైర్యము కావలెను!

అయినను గాయపడినవాడు బొంకునని ముందుగనే నిర్ణయించుట న్యాయము కాదు. ఈ శతాబ్దారంభమున ప్రపంచ ఆరోగ్యసంస్థ బెంగుళూరుతో సహా 12 దేశముల ఆసుపత్రులలో రోగుల మాటను ఊపిరి పరీక్షతో సరిపోల్చెను. యంత్రము మద్యమును చూపినను త్రాగలేదనినవారు కొద్దిమందియే.

యంత్రమైనను సర్వజ్ఞము కాదు. వాహనము నడుపువాని 100 మిల్లీలీటర్ల రక్తమున మద్యము 30 మిల్లీగ్రాములు మించిన నేరమని 1988 నాటి చట్టము చెప్పుచున్నది. శరీరము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మద్యమును హరించును. ప్రమాదవేళ 75 ఉన్నవాడు మూడుగంటలు ఆలసించి ఆసుపత్రి చేరునప్పటికి 30కి దిగును. అంతటితో వాడు త్రాగలేదనవచ్చునా?

మన సీమకు వేఱొక చిక్కు గలదు. కల్తీకల్లులో డయాజెపాం, ఆల్ప్రజోలాం మొదలగు మత్తుమందులు కలుపుదురు. 2015లో ప్రభుత్వము కల్తీని అరికట్టగా, నాటి నిజామాబాదు జిల్లా ప్రజలెందరో ఆ మందు అందక వణకుచు, మూర్ఛిల్లుచు ఆసుపత్రులపాలైరి. మద్యమును మాత్రమే కొలుచు పరీక్షకు ఈ మత్తు కనబడదు. “కల్లు పుచ్చుకొంటి” నను రోగి మాటయే అచట దారిదీపము.

నిజము మఱుగుపడినచో నష్టము రోగికే. తలదెబ్బవలని మైకమును త్రాగుడు మైకమని ఊరకుండిన ప్రాణమునకే మోసము. నిత్యపానము దాచిన, రెండుమూడు దినములకు వణకును మతిభ్రమణమును పుట్టి వైద్యుని తికమకపెట్టును.

కావున మాటయు కావలెను, కొలతయు కావలెను. ధనిక దరిద్ర భేదము లేక గాయపడిన ప్రతివానిని ఒకే తీరున అడుగవలెను. త్రాగిన వేళ, పరీక్షించిన వేళ రెండును వ్రాయవలెను. కల్లు త్రాగినవానికి మత్తుమందుల పరీక్షయు జరుపవలెను. పోలీసు విచారణ వేఱు, వైద్యుని ప్రశ్న వేఱు. పదిమంది నడుమ గద్దించి అడిగిన నిజము బయటపడదు. ప్రక్కకు పిలిచి ఆదరముతో అడిగిన వచ్చును.

సోదరులారా! మీ వారిని ఆసుపత్రికి గొనిపోయినపుడు పరువునకై దాచకుడు. సిగ్గు నాలుగు దినములలో పోవును. పోయిన ప్రాణము మరలి రాదు.