స్థూలకాయ చికిత్స: నడిమి యంచె ఎవరిది?

ఇంగ్లండు దేశమున స్థూలకాయ చికిత్స నాలుగంచెలుగా నేర్పరుపబడినది. మొదటిది సర్వజనులకు జేయు ఆరోగ్యప్రబోధము, రెండవది ఆహార వ్యాయామముల శిక్షణ, మూడవది నిపుణవైద్యుడు, ఆహారశాస్త్రజ్ఞుడు, మనస్తత్త్వవేత్త కలిసి నడపు చికిత్స, నాలుగవది శస్త్రచికిత్స. ఏర్పాటు సక్రమమైనదే. సొమ్మెవరు పెట్టవలెనను ప్రశ్నయొద్దనే చిక్కు వచ్చినది.

2013 ఏప్రిలు మొదలు ప్రజారోగ్యము స్థానిక సభల పాలబడెను. మొదటి రెండంచెలు వానివి. శస్త్రచికిత్స కేంద్ర ఆరోగ్యసంస్థది. మూడవది ఎవరిది? వైద్యము గనుక మాది కాదని సభలును, ప్రజారోగ్యము గనుక మాది కాదని ప్రాంతీయ వైద్యసంఘములును తప్పించుకొనుటకు దారి యేర్పడెను. పైగా ఆ యంచె దాటనిదే శస్త్రచికిత్సకు బోరాదని నిబంధన! పెద్దకాలువ యొకరు త్రవ్వి, బోదె యింకొకరు తీసి, నడుమ తూమును బాగుచేయువాడు లేకున్న పొలమునకేమి యగునో మన రైతులకు వేఱుగ జెప్పనక్కరలేదు.

ఆ యంచె వైద్యసంఘములకే యుక్తమని 2014లో అధికారుల విచారణసంఘము సిఫారసు చేసినది. సిఫారసు ఆజ్ఞ గాదు. అటుపిమ్మట శస్త్రచికిత్సయు ఆ సంఘములకే సంక్రమించెను. 2022 జూలైలో అవియు రద్దై, 42 సమీకృత మండలులు వెలసెను. పేర్లు మారినవి గాని కొన్ని ప్రాంతముల నిపుణశాలలు క్రొత్త రోగులను జేర్చుకొనుటయే మానినవి. 2023 మార్చిలో సెమాగ్లూటైడు మందును నిపుణశాలల ద్వారమున మాత్రమే యీయవచ్చునని తీర్పు వచ్చినది. శాలయే లేనిచోట ఆ తీర్పువలన ప్రయోజనమేమి?

తిని బలిసినవానికి పన్నుసొమ్మేల యని కొందఱందురు. ఈ మాట మన యరుగులమీదను వినబడునదే. నేడు చికిత్స నిరాకరించిన ఖజానాయే రేపు మధుమేహమునకు, మోకాటి శస్త్రచికిత్సకు, మూత్రపిండములకు సొమ్ము చెల్లించవలసియున్నది గదా! అచ్చట స్థిరపడిన తెలుగువారికిని ఇది పరుల గోడు గాదు. దక్షిణాసియా వాసులకు తక్కువ బరువుననే యీ రోగములు సోకుటచే, చికిత్సార్హతకు దేహభార సూచికను వారి విషయమున 2.5 మేర తగ్గించినారు. అర్హత గలిగియు శాల లేకున్న వారు పోవలసిన దెచ్చటికి?

ప్రతి మండలియు తన పరిధిలో నిపుణశాల యున్నదా లేదా, ఎందఱు నిరీక్షించుచున్నారు, లేకున్న నే తేదీకి నెలకొల్పబడును అను సంగతులను బహిరంగముగ బ్రకటింపవలెను. సభలమీద వేసి తప్పించుకొను వీలును పార్లమెంటు చట్టముచేతనే తొలగింపవలెను.